మంచు పక్కన బతికే నల్లి: హవాయి పెద్ద దీవి యాత్ర

బుధవారం, హిలో

హవాయి వెళ్లొచ్చామనగానే అందరూ బీచ్ ఫొటోలు అడుగుతున్నారు. మా దగ్గర అవి తక్కువే. నేను ఆ దీవికే వెళదామని పట్టుబట్టింది మౌనా కేయా కొండ మీద బతికే ఒక పురుగు కోసం. దాని పేరు వేకియు నల్లి. శాస్త్రీయ నామం నిసియస్ వేకియుయికోలా.

నా ఉద్యోగ జీవితమంతా వ్యవసాయ శాఖలోనే గడిచింది. రసం పీల్చే పురుగులంటే నాకు తెలిసినవి చేలో కనిపించే శత్రువులే. వరిలో సుడిదోమ, కంపునల్లి. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ. మిరపలో పేనుబంక. ఇవన్నీ హెమిప్టెరా అనే ఒకే వర్గానివి. నమిలే దవడలు ఉండవు, గుచ్చి పీల్చే ముక్కు ఉంటుంది. 1987లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ పత్తిని పాడుచేసినప్పుడు రైతుల ఇళ్లలో ఏం జరిగిందో చూసిన తరం మాది. అదే వర్గంలో పుట్టిన ఒక నల్లి, పచ్చని ఆకు దాదాపుగా కనిపించని కొండకొమ్ము మీద, మంచు పక్కన, గాలికి కొట్టుకొచ్చి చచ్చిన ఈగల్ని పీల్చి బతుకుతుందని ఎప్పుడో చదివాను. అప్పటినుంచి ఆ చోటు ఒక్కసారి చూడాలని మనసులో ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న అమ్మాయి, అల్లుడు ఈ మార్చిలో సెలవు పెట్టుకుని "ఎక్కడికి వెళదాం నాన్నా?" అంటే ఇదే చెప్పాను.

హిలోలో వాన మమ్మల్ని ఎదురొచ్చి పలకరించింది. ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా కురిసే ఊరది. రోడ్డు మీద ఒక్కరూ గొడుగు తెరవడం లేదు. తడుస్తూనే మాట్లాడుకుంటున్నారు. బుధ, శనివారాల్లో అక్కడ పెద్ద సంత. టార్పాలిన్ పట్టాల కింద బొప్పాయిలు, రాంబుటాన్లు, చిన్న అరటిపళ్లు, పచ్చి పసుపు కొమ్ములు, చేమదుంపలు, చేమాకు కట్టలు. చిన్న బొప్పాయిలు సంచి 5 డాలర్లు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కూడా అమ్ముతున్నారు, కాకపోతే అనాసపువ్వు వేసి ఉడికించారు. మొదటి కాయకి వింతగా అనిపించింది. తర్వాత పొట్లం ఖాళీ అయిందాకా ఎవరం ఆగలేదు.

మా ఆవిడ ఒక కొట్టు దగ్గర కరివేపాకు చూసి అక్కడే నిలబడిపోయింది. అమ్మే పెద్దావిడది ఫిలిప్పీన్స్ నుంచి చెరకు తోటల పనికి వచ్చిన కుటుంబమట. మా అమ్మాయి ఆవిణ్ణి "ఆంటీ" అని పిలిచింది. అక్కడ ముక్కూమొహం తెలియకపోయినా వయసులో పెద్దవాళ్లని ఆంటీ, అంకుల్ అనే అంటారు. పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు. ఆవిడ కరివేపాకు కట్ట చేతికిస్తూ, "ఇది మీ ఊరు తీసుకెళ్లనివ్వరు. ఇక్కడుండగానే వండేసుకోండి" అంది. ఎందుకో మా ఆవిడకి అర్థం కాలేదు. నాకు తెలుసు. అది కూడా ఒక రసం పీల్చే పురుగు కథే, ఆఖర్లో చెబుతాను.

మేం దిగిన అద్దె ఇంటి గుమ్మం బయట "దయచేసి చెప్పులు ఇక్కడ విడవండి" అని బోర్డు ఉంది. ఆ దీవుల్లో ఎవరింటికి వెళ్లినా చెప్పులు బయటే విడవాలట. అమెరికాలో ఇన్నాళ్లకి మా ఆవిడకి నచ్చిన బోర్డు ఒకటి కనిపించింది.

రాత్రి పోయ్ తిన్నాం. ఉడికించిన చేమదుంపని నీళ్లతో మెదిపి, పులియబెట్టి తినే ముద్ద. లేత ఊదారంగు, కొంచెం పులుపు, ఉప్పు ఉండదు. మా అల్లుడికి సహించలేదు. నేను వేయించిన చేపతో కలిపి తింటే బాగుంది. అక్కడివాళ్లూ అలాగే, ఉప్పగా ఉండేవాటితో కలిపే తింటారు. చేమదుంప, కొబ్బరి కలిపి ఉడికించిన కులోలో అనే మిఠాయి మాత్రం అందరికీ నచ్చింది. ముక్క 4 డాలర్లు.

గురువారం, కజుమురా గుహ

హిలోకి దక్షిణంగా పూనా అనే ప్రాంతం ఉంది. లావా మీద గళ్లు గళ్లుగా ప్లాట్లు కొట్టి అమ్మిన నేల. రోడ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, సగం మట్టిరోడ్లు. ఫోన్‌లో మ్యాప్ ఒక గేటు ముందుకి తీసుకెళ్లి "చేరుకున్నారు" అంది. గేటుకి తాళం. లోపల ఒక కుక్క, ఒక పాత ట్రక్కు. రోడ్డు పక్కన గడ్డి కోసుకుంటున్న ఒకాయన మిషన్ ఆపి వచ్చి, దారి చెప్పడంతో ఊరుకోకుండా తన ట్రక్కు తీసి ముందు నడిచాడు. గుహ మలుపు దగ్గర చెయ్యి బయటపెట్టి బొటనవేలు, చిటికెనవేలు మాత్రం చాచి ఊపి వెళ్లిపోయాడు. అక్కడ థాంక్స్‌కీ, పర్వాలేదుకీ, మళ్లీ కలుద్దాంకీ ఆ సైగ ఒక్కటే సరిపోతుంది.

కజుమురా ప్రపంచంలో తెలిసిన లావా గుహలన్నిటిలోకీ పొడవైనది, 65 కిలోమీటర్లకు పైనే. కిలావెయా అగ్నిపర్వతం నుంచి పారిన లావా పైపైన గడ్డకట్టి, లోపల ద్రవంగానే పారిపోయాక మిగిలిన గొట్టం అది. ప్రవేశ ద్వారాలు ప్రైవేటు స్థలాల్లో ఉన్నాయి కాబట్టి గైడు లేకుండా వెళ్లకూడదు. చిన్న టూరుకి మనిషికి 40 డాలర్ల దాకా అయింది. దిగేముందు బూట్లు బ్రష్‌తో రుద్ది, అడుగున ఆల్కహాల్ కొట్టించారు. ఓహియా చెట్లని చంపుతున్న ఒక శిలీంధ్రం 2014లో బయటపడింది. అది మట్టితో అంటుకుని ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోతుందని ఈ జాగ్రత్త. మా గైడు మా అందరి కాళ్లూ తనే వంగి చూసింది. తొందరపడలేదు.

లోపల కొంత దూరం పోయాక ఆమె దీపాలు ఆర్పమంది. అంత చీకటి నేను ఎప్పుడూ చూడలేదు. మళ్లీ వెలిగించి పైకప్పు నుంచి వేలాడుతున్న సన్నటి వేళ్లు చూపించింది. పైన అడవిలో ఉన్న ఓహియా చెట్ల వేళ్లు అవి, రాతి పగుళ్లలోంచి గుహలోకి దిగాయి. "వేళ్లని ముట్టుకోవద్దు. వీటి మీద బతికేవాళ్లున్నారు" అంది.

ఆ బతికేవాళ్లలో ఒకటి ఒలియారస్ పాలిఫీమస్ అనే దోమజాతి పురుగు. మన సుడిదోమకి దూరపు చుట్టం. కళ్లు లేవు, రంగు లేదు, రెక్కలు కుంచించుకుపోయాయి. ఆ వేళ్ల రసమే దాని తిండి. చీకట్లో ఆడ, మగ ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయంటే, పొట్ట కంపించి ఆ కంపనాన్ని వేరు గుండా పంపుతాయి. ఒక గుహలోని వాటి పిలుపు ఇంకో గుహలోని వాటి పిలుపుతో కలవదు. పైకి చూస్తే తేడా కనిపించకపోయినా, ఒక్క పేరు కింద నిజానికి చాలా జాతులు ఉండి ఉండాలని పరిశోధకుల అభిప్రాయం.

1971 దాకా హవాయి లావా గుహల్లో ఇలాంటి ప్రాణులు ఉంటాయని ఎవరూ అనుకోలేదు. దీవులు వయసులో మరీ చిన్నవి, గుహలకు అలవాటుపడే జీవులు తయారవ్వడానికి అంత కాలం చాలదు అన్నది అప్పటి నమ్మకం. ఫ్రాన్సిస్ హోవర్త్ అనే కీటక శాస్త్రవేత్త గుహలోకి దిగి, వంగి, వేళ్లని ఓపిగ్గా వెతికితే కనిపించాయి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, కొండ మీద మళ్లీ వస్తుంది.

శుక్రవారం, మౌనా కేయా

పొద్దున్నే మా ఆవిడ ఆ కరివేపాకు వేసి పులిహోర కలిపింది. చింతపండు హిలో సూపర్ మార్కెట్‌లో దొరికింది, థాయిలాండ్ సరుకు. డబ్బాల్లో సర్దుకుని బయల్దేరాం.

మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో చాలావాటికి ఈ కొండరోడ్డు నిషేధం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, పైదాకా అనుమతిచ్చే బండి దొరకాలంటే రోజుకి 200 డాలర్లు దాటింది. టూర్ కంపెనీ వ్యానులో వెళితే మనిషికి 250 పైనే అడిగారు. నలుగురం కాబట్టి బండే నయం.

ఊరు దాటగానే వాన ఆగిపోయింది. రెండు పెద్ద కొండల మధ్య శాడిల్ రోడ్డు ఎక్కుతుంటే చెట్లు పొట్టివైపోయి, తర్వాత లావా తప్ప ఏమీ లేదు. కొండ మీదికి మలుపు తిరిగే చోటికి ఎదురుగా చెట్లతో ఒక చిన్న గుట్ట ఉంది, పుఉ హులుహులు. 2019లో ఈ కొండ మీద కట్టబోయిన థర్టీ మీటర్ టెలిస్కోప్ వద్దని స్థానిక హవాయి ప్రజలు నెలల తరబడి గుడారాలు వేసుకుని కూర్చున్నది ఇక్కడే. పోలీసులు ముందు అరెస్టు చేసింది వాళ్ల ముసలివాళ్లని. ఆ టెలిస్కోప్‌లో మన దేశానికీ వాటా ఉంది. 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. బెంగళూరు, పుణె, నైనితాల్ సంస్థలు అందులో భాగస్వాములు. అది గుర్తొచ్చి అక్కడ బండి ఆపమన్నాను. ఇప్పుడు అక్కడ గుడారాలు లేవు. జెండాలు, రాళ్లతో కట్టిన చిన్న అరుగు, ఎవరో పెట్టిన ఆకుల దండలు ఉన్నాయి. ఒక యువకుడు పలకరించాడు. ఇండియా నుంచి అని చెప్పాక ఒక్క క్షణం ఆగి, "మీరు వచ్చి చూస్తున్నారు, అది మంచిది" అన్నాడు. కొండని తమ పూర్వీకుడిగా చూసుకునే మనుషులు వాళ్లు. మన డబ్బు పెట్టిన పని మీద వాళ్ల మాట ముందు వినాలనే నాకు అక్కడ నిలబడ్డాక అనిపించింది.

9,200 అడుగుల దగ్గర సందర్శకుల కేంద్రం. ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి కనీసం అరగంట ఆగి తీరాలి. రేంజరు ఒక్కొక్కరినీ వయసు, బీపీ, గుండె గురించి అడిగింది. పదమూడేళ్లలోపు పిల్లలు, గర్భిణులు పైకి వెళ్లకూడదు. మా ఆవిడకి కాస్త తల తిరుగుతోందంటే "మీరు ఇక్కడే ఉండండి" అని కచ్చితంగా చెప్పింది. ఇద్దరికీ వాదులాట ఏమీ లేదు. మా ఆవిడ ఒక డబ్బా పులిహోర, ఫ్లాస్కులో టీ పెట్టుకుని ఎండలో బల్ల మీద కూర్చుంది. మేం దిగొచ్చేసరికి ఆ రేంజరు చేత పులిహోర తినిపించి, కరివేపాకు నమలాలా తీసెయ్యాలా అన్నది కూడా చెప్పేసి ఉంది.

అక్కణ్ణించి పైకి కంకర రోడ్డు. దుమ్ము, గుంతలు, నిటారు. మా అల్లుడు బండిని లో గేర్‌లోంచి మార్చలేదు, నోరు విప్పలేదు. 11,500 అడుగులు దాటాక రంగు మారింది. ఎర్రటి, నల్లటి చిట్టెం గుట్టలు. కొండ పగిలినప్పుడు గాలిలోకి ఎగిరి పడిన అగ్నిపర్వతపు చిట్టెం అది, ఒక రాయి ఇంకో రాయిని అంటుకోకుండా వదులు వదులుగా పేరుకుని ఉంటుంది. వేకియు నల్లి ఇల్లు ఇదే. ఈ ఎత్తు నుంచి 13,803 అడుగుల శిఖరం దాకా ఉన్న ఇలాంటి గుట్టలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది లేదు.

పైన బండి దిగగానే గాలి మొహాన కొట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదానిలో 60 శాతమే అందుతుంది. మేఘాలన్నీ కాళ్ల కింద ఉన్నాయి. అక్షాంశం చూస్తే ఇది దాదాపు మన ఆదిలాబాద్‌కి సమానం. ఆ అక్షాంశం మీద రోడ్డు పక్కన మార్చి ఎండలో మంచు పడి ఉంది. పొలియాహు అనే మంచు దేవత ఇల్లు ఈ కొండ అని స్థానికుల నమ్మకం. అన్నిటికన్నా పైనున్న గుట్ట ఎక్కవద్దని అక్కడ బోర్డు పెట్టారు. కొందరు ఆ బోర్డు పక్కనుంచే ఎక్కుతున్నారు. నాకు చాలా బాధేసింది. దేవతని నమ్మినా నమ్మకపోయినా, ఆ చిట్టెంలో అడుగు పడితే రాళ్లు నలిగి సందులు పూడిపోతాయి. ఆ సందుల్లోనే ఆ నల్లి రాత్రి చలికి లోపలికి దిగుతుంది, పొద్దున వెచ్చదనానికి పైకి వస్తుంది.

నేను రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చుని మంచు చివరలు చూశాను. మధ్యాహ్నం గాలి కింది నుంచి పైకి వీస్తోంది. పల్లపు అడవుల్లో, తోటల్లో ఎగిరే పురుగుల్ని ఆ గాలి రోజూ ఇలాగే ఎత్తుకొచ్చి ఇక్కడ పడేస్తుంది. చలికి అవి కదల్లేవు. మంచు మీద పడినవి చెడిపోకుండా ఉంటాయి. నేను చూసిన చిన్న ముక్కలోనే ఈగలు, ఒక చిన్న తేనెటీగ, రెక్కలున్న పేనుబంక, ఏదో గండుచీమ రెక్కలు కనిపించాయి. మా అమ్మాయి పక్కన కూర్చుని, "మరి నల్లి ఏది నాన్నా?" అంది. రోడ్డు మీంచి కనపడే ప్రాణి కాదు, కనపడలేదు కూడా. దాని కంచం చూశాను, అది చాలు అన్నాను. నిజంగానే చాలనిపించింది.

సైజులో అది బియ్యపు గింజంత ఉంటుంది. ఒళ్లు నలుపు, తల సన్నం, కాళ్లు పొడుగు. దాని సొంత ప్రజాతి నిసియస్‌లో హవాయిలోనే ఇరవైకి పైగా జాతులున్నాయి. అవన్నీ దాదాపుగా గింజల రసం పీల్చేవే, చక్కగా ఎగిరేవే. దీనికి రెక్కలు చిన్న పొలుసులుగా మిగిలాయి. ఇంత గాలిలో ఎగిరితే కొండ దిగువకు కొట్టుకుపోతుంది మరి. గింజని గుచ్చిన ముక్కుతోనే చచ్చిన పురుగుని గుచ్చుతోంది.

ఈ కొండ మీద మొదటి టెలిస్కోపులు, వాటికోసం రోడ్డు వచ్చింది 1960లు, 70లలో. అప్పటికి పైన కొన్నాళ్లయినా నిలకడగా బతికే పురుగు ఏదీ లేదన్నదే అందరి లెక్క. గుట్టల తలలు చదును చేస్తున్నప్పుడు ఈ నల్లి గురించి అడిగినవాళ్లు లేరు, ఎందుకంటే ఏ కాగితంలోనూ అది లేదు. 1980 ప్రాంతంలో హోవర్త్, స్టీవెన్ మాంట్‌గొమెరీ ఈ గాలివాటు జీవనం గురించి రాశారు. గుహలో వంగిన మనిషే ఇక్కడా వంగాడు. 1983లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో నల్లుల నిపుణుడు పీటర్ ఆష్‌లాక్, హోనోలులు బిషప్ మ్యూజియం శాస్త్రవేత్త వేన్ గాన్యే కలిసి దాన్ని వర్ణించి పేరు పెట్టారు.

వర్ణించడం అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పురుగుని మూల నమూనాగా ఎంచుకోవాలి. మీసాల్లో ఒక్కో కణుపు పొడవు, తల వెడల్పు, కంటి దూరం, ముక్కు ఏ కాలి మొదలు దాకా వస్తుంది, రెక్క మొండెం ఎంత, జననాంగాల ఆకారం, అన్నీ సూక్ష్మదర్శిని కింద కొలవాలి. తెలిసిన చుట్టాలన్నిటితో పోల్చి, వాటిలో ఏదీ కాదని చూపాలి. ఆ నమూనాని ఎవరైనా వచ్చి మళ్లీ చూసుకునేలా ఒక మ్యూజియంలో భద్రపరచాలి. పొడి పొడి మాటలతో రాసే ఆ పత్రాల్లో భావాలకి చోటుండదు. ఆ ఇద్దరూ మాత్రం తమ పత్రం శీర్షికలోనే "విశేషమైన" అన్న మాట పెట్టకుండా ఉండలేకపోయారు.

పేరు వచ్చాక లెక్క మారింది. 1982లో ఉచ్చు బుడ్డీలు పెట్టి చూస్తే వేలల్లో దొరికిన నల్లి, 1997-98 సర్వేలో వెతుక్కుంటే తప్ప దొరకలేదు. పాత సర్వేలో పెట్టిన బుడ్డీలు పురుగుని చంపేవి. తర్వాత బతికుండగానే పట్టి వదిలే గిన్నెలు పెట్టారు, ఎరగా రొయ్యల ముద్ద రాసి. 1999లో అమెరికా ప్రభుత్వం దాన్ని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకి అభ్యర్థిగా చేర్చింది. అనుకున్నదానికన్నా ఎక్కువ గుట్టల మీద ఉందని తేలాక 2011లో తీసేసింది. ఈలోపు కెక్, సుబారు టెలిస్కోపులున్న పుఉ హౌ ఓకి గుట్ట దగ్గర ఏ పని తలపెట్టినా ఈ నల్లికి ఏమవుతుందని ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ కొండ మీదికి వచ్చే సామాన్ల బండ్లని చీమల కోసం తనిఖీ చేస్తారు. హవాయికి సొంత చీమలు లేవు. బయటినుంచి వచ్చిన చీమ పైకి చేరితే ఈ నల్లికి కష్టమే.

పులిహోర బండిలో తిన్నాం. చలికి నూనె పేరుకుంది. ఆ ఎత్తులో ఆకలి వెయ్యదని చెప్పారు గానీ డబ్బాలో మెతుకు మిగల్లేదు. సూర్యాస్తమయం మేఘాల మీద చూశాం, అరగంటలో అందరూ దిగిపోవాలి. దిగువన రేంజర్లు ఒక్కో బండి చక్రం దగ్గర బ్రేకుల వేడి కొలుస్తున్నారు. మా అల్లుడి బండి పాసైంది. "మామయ్య గారూ, ఇప్పుడు మాట్లాడొచ్చు" అన్నాడు పాపం.

శనివారం, హమాకువా తీరం

రాత్రి తలనొప్పి. పొద్దుటికి తగ్గింది. ఉత్తర తీరం వెంట నెమ్మదిగా వెళ్లాం. అకాకా జలపాతం దగ్గర పార్కింగు 10, మనిషికి 5 డాలర్లు. జలపాతం బాగుంది. పక్కన యూకలిప్టస్ తోటలు, ఎండుగడ్డి మైదానాలు చూస్తుంటే ఇదంతా ఒకప్పుడు చెరకు అంటే నమ్మబుద్ధి కాదు. ఈ దీవిలో ఆఖరి చక్కెర మిల్లు 1996లో మూతపడింది.

ఆ చెరకుకి 1900 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి రసం పీల్చే ఒక దోమ వచ్చింది, పెర్కిన్సియెల్లా. తోటలకి తోటలు ఎండిపోయాయి. ఆ రోజుల్లో ఇప్పటిలాంటి మందులు లేవు. తోటల యజమానుల సంఘం కీటక శాస్త్రవేత్తల్ని ఆ దోమ పుట్టిన దేశాలకి పంపింది. 1920లో ఫ్రెడరిక్ మ్యూర్ అనే ఆయన క్వీన్స్‌లాండ్, ఫిజీల నుంచి ఒక చిన్న మిరిడ్ నల్లిని తెచ్చి వదిలాడు. ఆకు లోపల దోమ పెట్టిన గుడ్లని వెతికి ముక్కుతో పీల్చేసేది అది. కొన్నేళ్లలో బెడద తీరింది.

మన వరిలో సుడిదోమ గుడ్లు తినే మిరిడ్ నల్లి దానికి దగ్గర చుట్టం. గోదావరి జిల్లాల్లో తొందరపడి మందు కొడితే ముందు చచ్చేది ఆ నల్లే, తర్వాత సుడిదోమ రెట్టింపై వస్తుంది. ఈ మాట రైతులకి చెప్పిచెప్పి నా గొంతు పోయింది. చేతిలో ఆ నల్లి బొమ్మ ఉన్న కాగితం ఉన్న రోజున విన్నారు, లేని రోజున వినలేదు.

హోనోకా అనే చిన్న ఊళ్లో మాలసాడాలు తిన్నాం. పోర్చుగల్ నుంచి వచ్చిన కూలీల వంట, నూనెలో వేయించి చక్కెర అద్దిన మెత్తటి ఉండలు. ఒకటి 2 డాలర్ల లోపే. గుడ్డు వేస్తారు కాబట్టి మా ఆవిడ తినలేదు. కొట్టు నడిపే అంకుల్ అది విని, లోపలికెళ్లి మొక్క నుంచి అప్పుడే కోసిన అరటిపళ్ల అత్తం తెచ్చిచ్చాడు. డబ్బు తీసుకోలేదు. మేం బయటికి వస్తుంటే మా ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆయన వేళ్లు ఊపాడు.

సోమవారం, హోనోలులు

బిషప్ మ్యూజియం 1889లో మొదలైంది. మూడంతస్తుల హవాయి హాలు, అంతా చెక్కపని. పైకప్పు నుంచి ఒక తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంది. పక్షి ఈకలతో కుట్టిన రాజుల అంగీలు ఉన్నాయి. వాటిలో కొన్ని పక్షులు ఇప్పుడు లేవు. లక్షల సంఖ్యలో ఉన్న పురుగుల నమూనాలు మాత్రం వెనక గదుల్లో, పరిశోధకుల కోసం. మేం చూడలేదు. ఆ గదులు ఉన్న వైపు కిటికీలు చూపించి మా అమ్మాయికి చెప్పాను, పేరు రాని పురుగులు ఆ సొరుగుల్లో ఇంకా చాలా ఉంటాయని, ఒక్కో గుంపుని చదివే మనుషులు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారని. ఆష్‌లాక్, గాన్యే ఇద్దరూ ఇప్పుడు లేరు. మన వ్యవసాయ కళాశాలల్లో కూడా పురుగుల వర్గీకరణ చదువుతానని వచ్చే పిల్లలు తగ్గిపోయారు. ఉద్యోగం ఏమొస్తుందని అడుగుతారు. ఆ ప్రశ్నకి ప్రభుత్వం జవాబు చెప్పాలి, పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు.

ఎయిర్‌పోర్టులో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ప్రతి సంచీ ఎక్స్‌రే తీస్తారు. అనాసపండు, కొబ్బరికాయ పట్టుకెళ్లొచ్చు. కరివేపాకు కుదరదు. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే రసం పీల్చే పురుగు నిమ్మ, బత్తాయి, కరివేపాకు మొక్కల మీద బతుకుతుంది, నిమ్మజాతి చెట్లకి గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. హవాయిలో అది 2006లో కనిపించింది. మా ఆవిడ ముందు రోజు రాత్రే మిగిలిన రెబ్బల్ని పొడి చేసి కందిపొడిలో కలిపేసింది. తనిఖీ చేసే అబ్బాయి సీసా మూత తీయించి వాసన చూశాడు. పచ్చి ఆకు ఏదీ లేదు కదా అని అడిగాడు. లేదంది. "అన్నంలోకా ఆంటీ?" అన్నాడు. అవును, నెయ్యి వేసుకుని, అని మా ఆవిడ చెబుతుండగా వెనక లైను పెరిగిపోయింది, అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.